కిట్ కాలిపోయాక ల్యాప్‌టాప్‌లో మేం నడిపిన బస్సు



పోస్ట్ పొడుగ్గా ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్, ఐటీఐ ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్లకి నేరుగా పనికొస్తుంది. డిగ్రీ, బీఈడీ వాళ్లు మధ్యలో సాంకేతిక గోల ఎక్కువైందనిపిస్తే ఆ ముక్క దాటేసి చదవండి, ఏమీ అనుకోం.

మేము ముగ్గురం. ఈసీఈ మూడో సంవత్సరం, ఒకే ప్రాజెక్ట్ బ్యాచ్. ఒకడిది పాడేరు అవతల, ఒకడిది రంపచోడవరం వైపు, చెల్లిది సీతంపేట కొండల్లో. హాస్టల్లో మమ్మల్ని అందరూ పాడేరు, రంప, సీతంపేట అనే పిలుస్తారు, ఇక్కడా అలాగే రాస్తాం. రాసేది మాత్రం ముగ్గురం కలిసే. ఒకరు టైప్ చేస్తుంటే ఇద్దరు తప్పులు పడుతున్నారు.

మా ప్రాజెక్ట్ పెద్దదేం కాదు. చలి లెక్క. లంబసింగి, చింతపల్లి వైపు చలికాలంలో సున్నా దగ్గరికి పడిపోయిందని ప్రతి ఏడూ పేపర్లో వస్తుంది, టూరిస్టులు వస్తారు, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. కానీ అదే కొండ మీద, ఆ పక్క గూడెంలో, ఇంటి చూరు కింద తెల్లవారుజామున ఎంత ఉందో రాసి పెట్టేవాళ్లు లేరు. పది నిమిషాలకోసారి ఉష్ణోగ్రత చూసి, టైముతో సహా దాచిపెట్టే చిన్న పెట్టె చేయాలని మా ఆలోచన. బ్యాటరీతో నడవాలి, నెట్ అక్కర్లేదు.

ఫిబ్రవరిలో ల్యాబ్ నుంచి కిట్ ఇచ్చారు. ఒక 8051 బోర్డు, ఎల్ఎం75 అనే ఉష్ణోగ్రత సెన్సార్, ఇంకో చిన్న మాడ్యూల్. ఆ మాడ్యూల్ మీద రెండు చిప్‌లు ఉంటాయి: డీఎస్1307 అనే గడియారం, 24సీ32 అనే మెమరీ. కరెంటు పోయినా రాసింది చెరిగిపోని రకం మెమరీ అది, ఈఈప్రామ్ అంటారు. అందులో 4096 బైట్లు పడతాయి. రోజుకి 144 సార్లు, ఒక్కోసారి 2 బైట్లు, అంటే రోజుకి 288 బైట్లు. లెక్క వేసి చూస్తే 14 రోజుల చలి అందులో పడుతుంది. ఆ లెక్క చేసిన రోజు మాకు భలే సంబరమేసింది.

మొదటి వారం బాగా నడిచింది. తర్వాత మధ్యమధ్యలో బిగుసుకుపోవడం మొదలైంది. రీసెట్ నొక్కితే కదలదు. మళ్లీ నొక్కినా కదలదు. మాడ్యూల్‌ని సాకెట్ నుంచి ఊడబీకి మళ్లీ గుచ్చితే మాత్రం లేచి కూర్చునేది. లూజ్ కాంటాక్ట్ అనుకున్నాం. తీసి పెట్టడం, తీసి పెట్టడం. రోజుకి పది పదిహేనుసార్లు. అలా ఒక సాయంత్రం ల్యాబ్ మూసే టైములో, తొందరలో, తిరగేసి గుచ్చేశాం. ప్లస్ దగ్గర మైనస్, మైనస్ దగ్గర ప్లస్. వాసన వచ్చింది. వేలు పెడితే చుర్రుమంది.

ఆ మాడ్యూల్ ఖరీదు బజార్లో ఒక రోజు కూలి అంత కూడా ఉండదు. కడతాం అన్నాం, కట్టాం కూడా. కానీ కిట్ మొత్తం వెనక్కి తీసుకున్నారు, రిజిస్టర్‌లో మా ముగ్గురి నంబర్ల ఎదురుగా ఎర్ర ఇంకుతో రాశారు, ఈ సెమిస్టర్‌కి ఇంకో కిట్ లేదన్నారు. అదీ పర్లేదు. బయటికి వస్తుంటే వెనక నుంచి ఎవరో "వీళ్లకి ఇలాంటివి ఇస్తే ఇంతే" అన్నారు. ఆ "వీళ్లు" అంటే ఎవరో ఈ గ్రూపులో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. తిరగేసి గుచ్చడం మా తప్పే, కాదనం. కానీ మా పక్క బ్యాచ్ అంతకు ముందు నెలలోనే ఒక బోర్డు కాల్చింది, వాళ్లని ఎవరూ "వీళ్లు" అనలేదు.

జూన్‌లో రివ్యూ. మధ్యలో వేసవి సెలవులు. బోర్డు లేకుండా, సెన్సార్ లేకుండా, ముగ్గురం మూడు దిక్కులకి బస్సెక్కాం.

సెలవుల్లో మొదటి వారం ఎవరం ఎవరికీ ఫోన్ చేసుకోలేదు. తర్వాత సీతంపేట ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. "అన్నా, బోర్డు లేదు సరే. మన కోడ్ మన దగ్గరే ఉంది కదా. అది ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవాళ్లు ఉంటే చాలు కదా. ఆ జవాబు చెప్పేది కూడా మనమే రాస్తే?" అంతే. ఈ పోస్ట్ అంతా ఆ ఒక్క వాయిస్ మెసేజ్ తర్వాత జరిగింది.

ఇప్పుడు ఆ ప్రశ్న జవాబుల పద్ధతి ఏంటో చెప్పాలి. మా కిట్‌లో మూడు చిప్‌లూ బోర్డుతో రెండే తీగల మీద మాట్లాడతాయి. దాని పేరు ఐ2సీ బస్. 1982లో ఫిలిప్స్ కంపెనీ తయారు చేసింది. ఒక తీగ డేటాకి, దాన్ని ఎస్‌డీఏ అంటారు. ఇంకోటి క్లాక్‌కి, ఎస్‌సీఎల్. క్లాక్ తాళం వేస్తుంటే ఆ తాళానికి ఒక్కో బిట్ చొప్పున డేటా నడుస్తుంది. మామూలు వేగంలో సెకనుకి లక్ష బిట్లు. (పాడేరు వాళ్ల నాయనమ్మ "ఏం రాస్తున్నావురా పగలూ రాత్రీ" అంటే వీడు "బస్సు" అన్నాడు. "మన ఊరికి రావలసిన బస్సు రాదు గానీ, రాసే బస్సు ఒకటా" అని ఆమె. ఆ తర్వాత మా ఫోల్డర్ పేరే అది పెట్టుకున్నాం.)

తీగల సంగతి అర్థం కావాలంటే చేను కాపలా గుర్తు తెచ్చుకోండి. చోడి చేనుకి అడ్డంగా డబ్బాలు కట్టిన తాడు, దాని కొస వంచిన వెదురు గడకి కట్టి ఉందనుకోండి. ఎవరూ ముట్టుకోకపోతే గడ తాడుని పైకి లాగి పట్టుకుంటుంది. ఏ మంచె మీద నుంచి ఎవరు లాగినా తాడు కిందికే వస్తుంది. ఇద్దరు లాగుతుంటే ఒకరు వదిలేసినా తాడు పైకి పోదు. అందరూ వదిలితేనే పైకి. ఐ2సీ తీగ అచ్చం అంతే. వెదురు గడ పని ఒక రెసిస్టర్ చేస్తుంది, 4.7 కిలో ఓమ్స్‌ది ఎక్కువగా వాడతారు. చిప్‌లకి తీగని కిందికి లాగడం ఒక్కటే తెలుసు, పైకి నెట్టడం తెలీదు. 1 పంపడం అంటే చెయ్యి వదిలేయడమే.

ఇక పిలుపు. ఆశ్రమ పాఠశాలలో రాత్రి హాజరు గుర్తుందా? వార్డెన్ నంబర్ పిలుస్తాడు, ఆ నంబర్ వాడే "ఉన్నా సార్" అంటాడు, మిగతావాళ్లు నోరెత్తరు. ఇక్కడ కూడా ముందు 7 బిట్ల నంబర్, దాని వెనక రాయడమా చదవడమా చెప్పే ఒక బిట్. మొత్తం 8. తొమ్మిదో తాళానికి బోర్డు చెయ్యి వదిలేస్తుంది, ఆ నంబర్ గల చిప్ తీగని కిందికి లాగి "ఉన్నా" అంటుంది. దాన్ని ఏక్ అంటారు. ఎవరూ లాగకపోతే ఆ నంబర్ వాడు లేడని. మా గడియారం నంబర్ హెక్సాలో 68, మెమరీది 50, సెన్సార్‌ది 48.

ఇంకొక్క నియమం. తాళం పైన ఉండగా డేటా తీగ కదలకూడదు. కదిలిందంటే అది డేటా కాదు, సైగ. పై నుంచి కిందికి పడితే స్టార్ట్, కింది నుంచి పైకి లేస్తే స్టాప్. బస్ మీద మాట మొదలు, మాట ముగింపు.

ఒక పక్కమాట. పాత పుస్తకాల్లో పిలిచేదాన్ని మాస్టర్ అని, జవాబు చెప్పేదాన్ని స్లేవ్ అని రాస్తారు. మా ల్యాబ్ రికార్డులోనూ అంతే. రంప వాళ్ల తాత వెట్టి చేసిన ఇల్లు. ఆ మాట ప్రతి పేజీలో రాయడానికి వాడికి చెయ్యి రాలేదు, మొదటి నుంచీ "పెద్ద, చిన్న" అని రాసుకునేవాడు. తర్వాత చూస్తే 2021లో వచ్చిన స్పెసిఫికేషన్‌లోనే ఆ మాటలు తీసేసి కంట్రోలర్, టార్గెట్ అని పెట్టారు. కాబట్టి తమ్ముళ్లూ, మీరు రికార్డులో అలాగే రాయొచ్చు, ఎవరైనా అడిగితే స్పెసిఫికేషన్ చూపించండి.

మా దగ్గర ఒక్కటే ల్యాప్‌టాప్, అది పాడేరు దగ్గర. రంప ఫోన్లో టెర్మక్స్ వేసుకుని అందులోనే సీ కంపైలర్ పెట్టుకున్నాడు. ఫోన్లో కోడింగ్ అవుతుందా అని గ్రూపులో చాలామంది అడుగుతుంటారు. అవుతుంది, కళ్లు లాగుతాయి అంతే. సీతంపేట దగ్గర అదీ సరిగ్గా నడవలేదు, ఫోన్ పాతది. తను గ్రాఫ్ కాగితం మీద తీగల గీతలు గీసి, తాళం తాళానికీ ఏ చిప్ ఏం చేయాలో రాసి, సాయంత్రం గుట్టెక్కి ఫొటోలు పంపేది. నిజం చెప్పాలంటే ముగ్గురిలో ఎక్కువ పని ఆ కాగితాల మీదే జరిగింది.

పని పంచుకున్నాం. తీగలు పాడేరుకి, మెమరీ రంపకి, గడియారం, సెన్సార్ సీతంపేటకి. బోర్డు మీద నడిచే కోడ్‌ని ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాం. అందులో పిన్నులని తాకేవి ఆరే ఆరు చిన్న ఫంక్షన్లు: డేటా లాగు, డేటా వదులు, డేటా చూడు, క్లాక్‌కి మళ్లీ అవే మూడు. 8051లో ఐ2సీ హార్డ్‌వేర్ ఉండదు కాబట్టి ఇవన్నీ ముందే చేత్తో రాసుకున్నాం. అది మా అదృష్టమైంది. ఆ ఆరింటిని మాత్రమే మార్చి, పిన్నుకి బదులు మా ఉత్తుత్తి తీగకి కలిపాం.

మొదటి తప్పు తీగలోనే చేశాం. డేటా తీగ అంటే ఒక వేరియబుల్, లాగితే 0, వదిలితే 1 అని రాశాం. చదివితే సరిగ్గానే అనిపిస్తుంది కదా? రెండు రాత్రులు పోయాయి. గడియారం "ఉన్నా" అని 0 పెడుతుంది, వెంటనే బోర్డు చెయ్యి వదులుతూ 1 రాసేస్తుంది, గడియారం మాట తుడిచిపెట్టుకుపోతుంది. చివర ఎవరు రాస్తే వాళ్లదే రాజ్యం. తాడు అలా ఉండదు కదా. ఒకరు వదిలితే ఇంకొకరి పట్టు పోదు. ఆఖరికి తీగకి సొంతంగా విలువే లేకుండా చేశాం. ప్రతి చిప్‌కీ ఒక చెయ్యి, అది లాగుతోందా లేదా అన్నదే దాచుకుంటాం. తీగ ఎక్కడుందో ఎవరైనా అడిగినప్పుడు అందరి చేతులూ చూసి చెబుతాం. ఒక్కరు లాగుతున్నా 0.

రెండో తప్పు ఇంకా విచిత్రం. గడియారం ఒక్కటే కలిపితే బాగుంది. మెమరీ ఒక్కటే కలిపితే బాగుంది. రెండూ కలిపితే మెమరీ మాట మధ్యలో "స్టార్ట్ వచ్చింది" అని గడియారం ఉలిక్కిపడేది. కొట్టుకుంటారేమో అన్నంతగా వాదించుకున్నారు రంప, సీతంపేట, నీ చిప్ తప్పంటే నీ చిప్ తప్పని. తప్పు ఇద్దరిదీ కాదు. తాళం కిందికి పడగానే పాడేరు కోడ్ ఆ కబురు ముందు మెమరీకి చెబుతోంది. అది వెంటనే డేటా తీగ కదుపుతోంది. గడియారానికి తాళం పడ్డ కబురు ఇంకా అందలేదు. దాని లెక్కలో తాళం పైనే ఉంది, డేటా పడింది, అంటే స్టార్ట్. నిజం తీగ మీద కబురు అందరికీ ఒకేసారి అందుతుంది, మా ల్యాప్‌టాప్‌లో ఒకరి తర్వాత ఒకరికి. అందుకని రెండు విడతలు చేశాం. ముందు తాళం కబురు అందరికీ చెప్పాలి, ఎవరి చెయ్యి ఎటు కదపాలనుకుంటున్నారో రాసుకోవాలి. అందరూ విన్నాకే చేతులు కదపాలి. కొత్తగా రాసేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకున్నా మాకు పట్టిన నాలుగు రోజులు మీకు మిగులుతాయి.

చిప్ లోపల రాసేది చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ నిజానికి చిన్నదే. ఒక్కో చిప్ నాలుగు విషయాలకే కదులుతుంది: స్టార్ట్, స్టాప్, తాళం లేవడం, తాళం పడటం. లేచినప్పుడు బిట్ చూస్తుంది, పడినప్పుడు బిట్ మారుస్తుంది. ఎన్నో బిట్, నా నంబరేనా, వింటున్నానా చెబుతున్నానా అన్న మూడు ముక్కలు గుర్తుంచుకుంటే చాలు.

మే మూడో వారంలో అన్నీ కలిపి మా అసలు కోడ్ నడిపాం. గడియారం చదివింది, ఉష్ణోగ్రత చదివింది, మెమరీలో రాసింది. రాసినవి వెనక్కి చదువుతుండగా, బిగుసుకుపోయింది.

ల్యాబ్‌లో ఎలా బిగుసుకుపోయేదో అచ్చం అలాగే.

పాడేరు ఆ రాత్రి గుట్టెక్కి ఫోన్ చేశాడు, మాట సరిగ్గా రాలేదు వాడికి. బోర్డు లేదు, సాకెట్ లేదు, లూజ్ కాంటాక్ట్ అనడానికి తీగే లేదు. అయినా అదే జబ్బు. అంటే జబ్బు మొదటి నుంచీ మా కోడ్‌లోనే ఉంది.

ఉత్తుత్తి బస్ సుఖం ఏంటంటే, ఏ తాళం దగ్గర ఎవరి చెయ్యి ఎక్కడుందో మొత్తం అచ్చు వేసుకోవచ్చు. అచ్చు వేసి చూశాం. డేటా తీగ కిందే ఉంది. లాగి పట్టుకున్నది మెమరీ చిప్.

విషయం ఇదీ. చిప్ నుంచి చదివేటప్పుడు ఏక్ ఇవ్వాల్సింది బోర్డు. ఒక బైట్ అందాక ఏక్ ఇస్తే "ఇంకోటి పంపు" అని అర్థం. ఆఖరి బైట్‌కి ఏక్ ఇవ్వకూడదు, ఊరుకోవాలి, అప్పుడే చిప్ చెయ్యి వదిలేస్తుంది. గడియారం చదివే కోడ్ ల్యాబ్ రికార్డులోది, అందులో సరిగ్గానే ఉంది. మెమరీ చదివేది మేం సొంతంగా రాసుకున్నాం, ఆఖరి బైట్‌కి కూడా మర్యాదగా ఏక్ ఇచ్చేశాం. చిప్ పాపం తర్వాతి బైట్ మొదటి బిట్ పట్టుకుని నిలబడింది. ఆ బిట్ 1 అయితే చెయ్యి వదిలే ఉంటుంది కాబట్టి మా స్టాప్ పనిచేస్తుంది, ఎవరికీ ఏమీ తెలీదు. 0 అయితే తీగ కిందే. స్టాప్ చేయాలంటే తీగ లేవాలి, లేవదు. తర్వాతి మాట మొదలుపెట్టే ముందు బస్ ఖాళీ అయ్యేదాకా ఆగమని మేమే రాశాం. ఎన్నటికీ ఖాళీ అవదు.

మరి మొదటి వారం ఎందుకు నడిచింది? కొత్త చిప్‌లో ప్రతి బైటూ ఎఫ్ఎఫ్, అంటే అన్నీ 1లే. మేం రాసిన చోటు దాటి తర్వాతి బైట్ ఎప్పుడూ 1తోనే మొదలయ్యేది. మేం నింపేకొద్దీ, 25 డిగ్రీలు 28 డిగ్రీలు రాసేకొద్దీ, 0తో మొదలయ్యే బైట్లు పెరిగాయి. రాసిన వాటి మధ్యలోంచి చదివినప్పుడల్లా బిగుసుకుంది. రీసెట్ ఎందుకు పనిచేయలేదో కూడా అప్పుడే తెలిసింది. రీసెట్ బోర్డుకి, మెమరీ చిప్‌కి కాదు. దానికి కరెంటు పోతేనే ఆ చెయ్యి వదులుతుంది. అందుకే ఊడబీకి గుచ్చితే పనిచేసేది. అందుకే రోజుకి పదిహేనుసార్లు ఊడబీకాం. అందుకే ఒకరోజు తిరగేసి గుచ్చాం.

సరిచేయడానికి పట్టింది ఒక్క లైను. దానికి తోడు ఇంకో జాగ్రత్త పెట్టాం. డేటా తీగ కింద ఇరుక్కుపోతే తొమ్మిది తాళాలు వేసి వదిలించమని స్పెసిఫికేషన్‌లోనే ఉంది. తొమ్మిది ఎందుకంటే, మిగిలిన బిట్లన్నీ అయిపోయి ఏక్ వంతు తప్పకుండా వస్తుంది, అక్కడ మనం ఊరుకుంటాం కాబట్టి చిప్ వదిలేస్తుంది. బోర్డు ఆన్ అయినప్పుడల్లా ముందు ఆ తొమ్మిదీ వేసేలా రాశాం.

ఆ తర్వాత మాకు ఇంకో బుద్ధి పుట్టింది. మా ఉత్తుత్తి చిప్‌లు మరీ మంచివి. ఏం అడిగినా వెంటనే చేస్తాయి. నిజం చిప్ అలా ఉండదు. మెమరీ చిప్ స్టాప్ వినగానే లోపల రాసుకోవడానికి కొన్ని మిల్లీసెకన్లు తీసుకుంటుంది, అప్పటిదాకా పిలిచినా పలకదు. సరే మన చిప్‌కి కూడా కోపం నేర్పుదాం అన్నాడు రంప. టైముకి నిజం గడియారం వాడలేదు, తాళాలే లెక్కపెట్టాం. లక్ష బిట్ల వేగంలో ఒక తాళం 10 మైక్రోసెకన్లు, 5 మిల్లీసెకన్లు అంటే 500 తాళాలు. అన్ని తాళాలు పోయేదాకా పలకకుండా చేశాం. వెంటనే మా కోడ్ కూలబడింది, రాసిన వెంటనే ఇంకోటి రాస్తున్నాం కాబట్టి. పలికేదాకా పిలుస్తూ ఉండేలా మార్చాం. ఇంకోటి, ఆ చిప్‌లో 32 బైట్లకో పేజీ. పేజీ చివర దాటి రాస్తే తర్వాతి పేజీకి పోదు, అదే పేజీ మొదటికి వచ్చి పాతది చెరిపేస్తుంది. అదీ పెట్టాం. దాని దెబ్బకి ఏం కాలేదు, మేం రెండేసి బైట్లే రాస్తాం కాబట్టి పేజీ గీత ఎప్పుడూ మధ్యలో పడదు. అదృష్టం.

అన్నిటికన్నా మాకు నచ్చింది మాత్రం సెన్సార్. అసలు మా పెట్టె ఉన్నదే చలి కోసం. కానీ కాలేజీ ఉన్న ఊళ్లో ఫిబ్రవరిలోనే చెమట, ఏ సెన్సార్‌ని సున్నా కిందికి తీసుకెళ్లగలం? ఇక్కడైతే సీతంపేట మే నెల ఎండలో కూర్చుని ఒక్క సంఖ్య మార్చింది. మైనస్ 1.5. మా కోడ్ ఏం రాసిందో తెలుసా? 254.5 డిగ్రీలు.

ఎల్ఎం75 ఉష్ణోగ్రతని 9 బిట్లలో, అర డిగ్రీ లెక్కన ఇస్తుంది. మైనస్‌లో ఉంటే టూస్ కాంప్లిమెంట్. మైనస్ 1.5 అంటే మొదటి బైట్ ఎఫ్ఈ, రెండోది 80. మేం మొదటి బైట్‌ని గుర్తు లేని సంఖ్యగా చదివాం, ఎఫ్ఈ అంటే 254. ఏ చలి కోసమైతే పెట్టె చేస్తున్నామో, సరిగ్గా ఆ చలి వచ్చిన రాత్రే అది అబద్ధం చెప్పేది. గూడెంలో పెట్టి, 14 రోజుల తర్వాత తెచ్చి చూసుకుంటే అప్పుడు తెలిసేది.

మేం చేసింది లోకంలో లేనిదేం కాదు. లైనక్స్‌లో ఐ2సీ స్టబ్ అని ఒక మాడ్యూల్ ముందే ఉంది, నంబర్ ఇస్తే ఆ నంబర్‌తో ఒక ఉత్తుత్తి చిప్ తయారవుతుంది. ఇది మాకు జూన్‌లో తెలిసింది, ముందే తెలిస్తే బహుశా అదే వాడేవాళ్లం. కానీ అందులో తీగలు ఉండవు, తాళాలు ఉండవు, రిజిస్టర్లు మాత్రమే ఉంటాయి. అడిగితే ఇస్తుంది, రాస్తే దాచుకుంటుంది. దానితో మా బిగుసుకుపోయే జబ్బు ఎప్పటికీ బయటపడేది కాదు. మీ పని పై స్థాయి డ్రైవర్ పరీక్షించడమైతే అది చాలు. తీగల్ని చేత్తో కదిపేవాళ్లయితే తీగ స్థాయిలోనే రాసుకోండి.

జూన్‌లో కాలేజీ తెరవగానే ల్యాబ్ చూసే సార్ దగ్గరికి వెళ్లాం. కిట్ అడగలేదు. అచ్చు వేసిన కాగితాలు బల్ల మీద పరిచాం. ఏ తాళం దగ్గర మెమరీ చిప్ చెయ్యి పట్టుకుందో అక్కడ ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టాం. సీతంపేట చెప్పింది, మేమిద్దరం నిలబడ్డాం. సార్ చాలాసేపు చూశారు. "మరి ఆ రోజు బోర్డు ఎందుకు బిగుసుకుంటోందో నన్ను ఎందుకు అడగలేదు?" అన్నారు. మా ముగ్గురికీ జవాబు రాలేదు. అడిగితే "ఇది కూడా తెలీదా" అంటారని, అడగకుండా ఊడబీకి గుచ్చుకుంటూ కూర్చున్నాం. అది ఆయనకి ఎలా చెప్పాలి? ఆయన కూడా రెట్టించలేదు. బీరువా తీసి సొంత మాడ్యూల్ ఒకటి ఇచ్చి, సాయంత్రం నాలుగింటికల్లా తిరిగి ఇవ్వమన్నారు.

ఈసారి ప్లస్ మైనస్ ముగ్గురం మూడుసార్లు చూశాకే గుచ్చాం. మెమరీ పలికింది, సెన్సార్ పలికింది. గడియారం మాత్రం 80 సెకన్లు చూపిస్తూ కదలకుండా కూర్చుంది. 80 సెకన్లేంటి? నిమిషానికి 60 కదా. గుండెల్లో రాయి పడింది. తిరగేసి గుచ్చలేదు కదా అని రంప మళ్లీ వంగి చూశాడు. సీతంపేట మెల్లగా అంది, "నా తప్పే. అది డేటాషీట్‌లో చదివాను, మన చిప్‌లో పెట్టడం మర్చిపోయాను." డీఎస్1307కి మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు సెకన్ల రిజిస్టర్‌లో పై బిట్ 1గా ఉంటుంది. గడియారం ఆగి ఉంది, నువ్వే నడిపించు అని దాని అర్థం. ఆ బిట్‌ని 0 చేస్తేనే నడక. మా ఉత్తుత్తి గడియారం పుట్టగానే నడిచేది, కాబట్టి మా కోడ్‌కి ఆ పని నేర్పనే లేదు. పది నిమిషాల్లో సరిచేశాం. ఆ తర్వాత మూడు గంటలు, నాలుగయ్యేదాకా, ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. మాడ్యూల్ తిరిగి ఇచ్చేశాం.

రివ్యూ అయింది. రిజిస్టర్‌లో ఎర్ర ఇంకు అలాగే ఉంది, దాన్ని ఎవరూ కొట్టేయరు. సార్ మాత్రం వచ్చే సెమిస్టర్ జూనియర్లకి కిట్ ఇచ్చే ముందు వారం రోజులు మా ఉత్తుత్తి బస్ మీద చేయించమన్నారు. ముందు అక్కడ కాల్చుకోండి, తర్వాత ఇక్కడికి రండి అని ఆయన మాట. అందులో తిరగేసి గుచ్చడం కూడా పెట్టాలని పాడేరు అంటున్నాడు, ప్లస్ మైనస్ మారిస్తే తెర మీద "వాసన వస్తోంది" అని రావాలట. ఇంకా రాయలేదు.

కోడ్ కావలసినవాళ్లు కామెంట్లో చెప్పండి, పంపుతాం. వెయ్యి లైన్ల లోపే, ఫోన్లో కూడా నడుస్తుంది. లోపల కామెంట్లన్నీ తెలుగులోనే ఉన్నాయి, ఒకటి రెండు చోట్ల తిట్లు కూడా ఉంటే మన్నించండి.

ఇంకోటి అడగాలి. పెట్టె నవంబర్‌కి తయారవుతుంది. లంబసింగి, చింతపల్లి, జీకే వీధి వైపు గూడేల్లో ఇల్లున్నవాళ్లు, డిసెంబర్‌లో 14 రోజులు చూరు కింద వేలాడదీయనిచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా? అరచెయ్యంత ఉంటుంది, చప్పుడు చేయదు. పిల్లలు ఊడబీకకుండా చూస్తే చాలు.